బొమ్మల పెట్టె ఎవరి దగ్గరుంది?

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) చీఫ్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చీఫ్ కమిషనర్ గారికి,

నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో లెక్కలు రాస్తాను. నలభై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు, ఇంటి మీద అప్పు. ఇదంతా ముందే చెప్పుకోవడం ఎందుకంటే, నేను రాయబోయేది సెల్‌ఫోన్ ఆటలో బొమ్మల గురించి. ఈ వయసులో ఇదేం పిచ్చి అని మీ ఆఫీసులో ఎవరైనా నవ్వుకుంటే తప్పులేదు. మా ఆవిడ ఐదేళ్లుగా నవ్వుతూనే ఉంది. కాకపోతే డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవాడి దగ్గర ఉండాలా వద్దా అన్నది మీరు తేల్చాల్సిన సంగతి. అందుకని మీకే రాస్తున్నాను.

ఆటలు ఆడనివాళ్ల కోసం ముందు స్కిన్ అంటే ఏమిటో చెప్పాలి. ఆటలో మన పాత్రకు వేసే వేషం అది. వేషం మారితే బలం పెరగదు, గెలుపు రాదు. ఊరికే చూసుకోవడానికి. అందులోనే ఇంకో రకం ఉంది. జపాన్, చైనా, కొరియాల నుంచి వచ్చే ఆటల్లో, అంటే పాత్రలను ఒక్కొక్కటిగా పోగుచేసుకునే ఆటల్లో, అది ఎక్కువ కనపడుతుంది. ఆ స్కిన్ కదులుతుంది. ఊపిరి పీలుస్తుంది, రెప్ప వేస్తుంది, ఫోను అటూ ఇటూ వంచితే కళ్లు మనవైపు తిప్పుతుంది. తల మీద తాకితే ఒకటి చేస్తుంది, చేతి మీద తాకితే ఇంకొకటి. 2017లో చైనాలో మొదలైన అజూర్ లేన్ అనే ఆట ఇలాంటి వేషాలకు పేరుపడింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి యుద్ధనౌకలకు ఆడపిల్లల రూపమిచ్చిన ఆట అది. తెరవగానే మనం ఎంచుకున్న పిల్ల సెక్రటరీ హోదాలో ఎదురుగా నిలబడి ఉంటుంది. మామూలు వేషాల కంటే ఆమెను కదిలించే వేషాలకే ధర ఎక్కువ. ఇలాంటి వాటిలో చాలావాటిని నేను మా పిల్లల ముందు తెరవలేను, ఆ మాట దాచను. ఈతబట్టలు లేని పండగ ఈ ఆటల క్యాలెండర్లో ఉన్నట్టు లేదు. నేను కొన్నవి ఆ రకం కావు. అసలు నేను ఆడిన ఆట కూడా వేరే. దాని పేరు చెప్పను, ఒక కంపెనీ మీద కక్షతో రాస్తున్న ఉత్తరం కాదిది.

నా బొమ్మను లాంతరు పిల్ల అనేవాణ్ణి. ఉత్తరాల సంచి భుజాన, చేతిలో లాంతరు, వెనక వానకు తడిసిన రాతిగోడ. అంగడి మూసి, ఇల్లు చేరి, నాలుగు ముద్దలు తిన్నాక మిద్దె మీదికి పోయి ఫోను తెరిచేవాణ్ణి, ఆడేందుకు కూడా కాదు. లాంతరు మీద వేలు పెడితే మంట ఒకసారి వంగి మళ్లీ లేచేది. మంట వంగినప్పుడు గోడ మీద ఆ పిల్ల నీడ కూడా పక్కకు సాగేది. ఆ నీడను గమనించడానికి నాకు మూడు వారాలు పట్టింది. సంచి మీద తాకితే ఒక ఉత్తరం తీసి, లాంతరు దగ్గరికి తెచ్చుకుని, కళ్లు చిట్లించి చిరునామా చదివి, మళ్లీ లోపల పెట్టేది. వరసగా పదిసార్లు తాకితే విసుక్కుని లాంతరు ఊదేసేది. తెరంతా చీకటి. చీకట్లో వాన చప్పుడు. కాసేపటికి అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఎక్కడో ఎవరో కూర్చుని, పదిసార్లు తాకే పనిలేనివాడు ఒకడు ఉంటాడని ఊహించి, వాడికోసం ఆ అగ్గిపుల్ల గీసిపెట్టారు.

దానికి నేను పెట్టింది 1,799 రూపాయలు. ఆ ధరకు మా అంగట్లో అసలు పట్టు రాదు. నాకైతే గిట్టుబాటు బేరమే అనిపించింది, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి. స్కిన్ అనగానే లాటరీ గుర్తొస్తుంది చాలామందికి. పబ్జీకి బదులు మన దేశంలో వచ్చిన బీజీఎంఐ ఆటలో ఎక్స్-సూట్ అనే వేషం కావాలంటే స్పిన్ తిప్పాలి. ఎన్నిసార్లు తిప్పితే వస్తుందో తెలియదు. లూట్ బాక్సులనే అలాంటి లాటరీ పెట్టెలను బెల్జియం 2018లోనే జూదం కింద లెక్కగట్టింది. ఏది ఎంత శాతం వస్తుందో బయటపెట్టాలని చైనా 2017 నుంచి కంపెనీల మెడ మీద కూర్చుంది. మన పార్లమెంటు కూడా 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చి డబ్బు పందెం ఆటలను నిషేధించింది. ఆ గొడవ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా బొమ్మ స్పిన్ తిప్పితే వచ్చింది కాదు. ధర చూసి, మూడు రోజులు ఆలోచించి కొన్నది. పందెం లేదు కాబట్టి జూదం చట్టానికి నాతో పనిలేదు. ఒక వస్తువు, ఒక ధర, ఒక బిల్లు. ఉన్నదల్లా అంతే, అందుకే వినియోగదారుడిగా మీ గడప తొక్కుతున్నాను.

ఈ బొమ్మలు ఎలా తయారవుతాయో నాకు మా అక్క కొడుకు వల్ల తెలిసింది. వాడు హైదరాబాదులో ఉంటాడు. యూట్యూబులో బొమ్మ ముఖం తగిలించుకుని మాట్లాడేవాళ్లు ఉన్నారు కదా, వీట్యూబర్లు, వాళ్లకు ముఖాలు కదిలేలా చేసిపెడతాడు. ఆ పనిని రిగ్గింగ్ అంటారు. 2024 సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు.

"మామా, కార్టూన్ సినిమాకైతే వేల బొమ్మలు గీస్తారు. దీనికి గీసేది ఒక్కటే బొమ్మ. దాన్నే ముక్కలు కోస్తాం."

నుదుటి మీది జుట్టు ఒక పొర, చెంపల మీదిది ఒక పొర, వెనక జడ ఒక పొర. కంటి తెల్లగుడ్డు వేరు, నల్లగుడ్డు వేరు, పైరెప్ప వేరు, కిందిరెప్ప వేరు. నోరు తెరిస్తే కనపడే నాలుక కూడా వేరు. వాడు చూపించిన ముఖం ఒక్కదానికే అరవై పైచిలుకు ముక్కలున్నాయి. జుట్టు ఊగినప్పుడు దాని కింద చెవి కనపడాలి కాబట్టి, మామూలు బొమ్మలో ఎవరికీ కనపడని చెవిని కూడా పూర్తిగా గీసిపెట్టుకోవాలట. మాకు ఇది కొత్త కాదు. కట్టుకున్నప్పుడు కుచ్చిళ్లలో దాగిపోయే బుటాను కూడా నేతగాడు నేయాల్సిందే.

తర్వాత ఒక్కో ముక్క మీద త్రికోణాల వల పరుస్తారు. వలను లాగితే దాని కింద బొమ్మ సాగుతుంది. తల తిప్పడానికి మైనస్ 30 నుంచి ప్లస్ 30 దాకా ఒక కొలబద్ద ఉంది. ఈ కొసన ముఖం ఎలా ఉండాలి, ఆ కొసన ఎలా ఉండాలి అని మనిషి చేత్తో సర్దిపెడితే, మధ్యలోది సాఫ్ట్‌వేరు పూరించుకుంటుంది. జడకూ చెవి జూకాలకూ లోలకం లెక్క కడతారు, తల ఆగాక కూడా అవి ఇంకో రెండు ఊపులు ఊగి ఆగాలి. చివర్న ఎక్కడ తాకితే ఏం జరగాలో గుర్తులు పెడతారు. ఈ పద్ధతి పేరు లైవ్‌టూడీ. 2006లో జపాన్‌లో మొదలైన ఒక చిన్న కంపెనీ పెంచి పెద్దచేసింది. బొమ్మను త్రీడీలోకి మారిస్తే కదులుతుంది గానీ చిత్రకారుడి చేతిగీత పోతుంది. గీత చెడకూడదు, బొమ్మ కదలాలి. ఈ రెండూ కుదిర్చేందుకే ఇంత కోత. ఎముకల్లాంటివి అమర్చి కదిలించే స్పైన్ అనే సాధనం ఇంకొకటి ఉంది, కొన్ని ఆటలు దాన్ని వాడతాయి.

"కంటికి రెండు రోజులు చాలు మామా, మెడకు వారం పడుతుంది. చూసేవాళ్లు కళ్లే చూస్తారు. పనితనం దొరికిపోయేది మాత్రం మెడ దగ్గరే," అన్నాడు.

వాడు చెప్తున్నంతసేపూ నాకు నిమ్మలకుంట గుర్తొస్తూనే ఉంది. మా మండలంలోనే, తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేక తోలును శుభ్రం చేసి, వెలుతురు దాటేంత పలచగా చేసి ఆరబెట్టి, గీత గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. తల వేరు, మొండెం వేరు, పైచెయ్యి వేరు, ముంజెయ్యి వేరు, కాళ్లు వేరు. అన్నిటినీ కీళ్ల దగ్గర దారంతో ముడేస్తారు. మధ్యలో వెదురుబద్ద, ముందు తెల్లపంచె తెర, వెనక దీపం. ఒక బొమ్మ గీయడం, ముక్కలు కోయడం, కీళ్లు వేయడం. మా వాడు ల్యాప్‌టాపులో చేసేది ఇదే పని. పేరు కూడా అదే, వాళ్లు స్కిన్ అన్నారు, మనం ఎప్పుడో తోలు అన్నాం.

మర్నాడు వాణ్ణి బండెక్కించుకుని నిమ్మలకుంట పోయాను. తెలిసిన పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని లాంప్‌షేడ్‌కు చిల్లులు కొడుతున్నాడు. ఇప్పుడు వాళ్లకు కూడు పెట్టేది ఎక్కువగా అవే, రాత్రంతా ఆడించే ఆటలు కాదు. లాంతరు పిల్లను తెరిచి ఫోను చేతికిచ్చాను. బొటనవేలికి, చూపుడువేలికి ఎర్రరంగు అంటి ఉంటే మధ్యవేలితో తాకాడు. మంట వంగింది. మళ్లీ తాకాడు. ఫోను ముఖం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"మెడ కీలు బాగా పడిందప్పా," అన్నాడు.

మా మేనల్లుడు నావైపు చూశాడు.

"ఎవురు ఆడిస్తాండారు దీన్ని?"

"ఎవరూ ఆడించరు తాతా, మనం తాకితే అదే ఆడుతుంది," అన్నాడు మావాడు.

"ఆడేది సరే. పెట్టె ఎవురి దగ్గరుండాది?"

మాకు అర్థం కాలేదు. ఆయన ఉలితో ఇంటిలోపలికి చూపించాడు. గోడవారన బొమ్మల పెట్టె. తాతల నాటి బొమ్మలు అందులో ఉన్నాయి. మేళం చెదిరిపోయింది, ఊళ్లు పిలవడం తగ్గించాయి, పెట్టె మాత్రం ఇంట్లోనే ఉంది.

"పెట్టె కంపెనీవాళ్ల దగ్గర ఉంటుంది తాతా. మన దేశంలో కూడా కాదు."

"అట్లయితే బొమ్మ మీది గాదు గదా," అని ఫోను నా చేతిలో పెట్టి మళ్లీ లాంప్‌షేడ్ అందుకున్నాడు.

ఆరు నెలలు తిరక్కుండానే ఆటలో ఒక ప్రకటన వచ్చింది. ఇన్నాళ్లూ ఆదరించినందుకు కృతజ్ఞతలు, అరవై రోజుల్లో సేవలు నిలిపేస్తున్నాం అని. ఖర్చు కాని వజ్రాలకు (ఆటలో డబ్బుకు బదులు వాడే నాణేలు అవి) సొమ్ము వెనక్కిస్తామన్నారు, ఇచ్చారు కూడా. వేషాల గురించి ఒక్క ముక్క లేదు. ఆపేసిన రోజు మధ్యాహ్నం అంగట్లో పెళ్లి బేరం నడుస్తోంది. పెనుకొండ నుంచి వచ్చిన కుటుంబం, పన్నెండు చీరలు విప్పి పరిచాం. బిల్లు రాసి, వాళ్లకు మజ్జిగ తెప్పించి, కుర్చీలో కూలబడి ఫోను తీసేసరికి సర్వరుకు కనెక్ట్ కాలేకపోతున్నాం అని ఉంది. మళ్లీ ప్రయత్నించండి అని కింద ఒక బటన్. ఆ బటన్ నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించింది.

లెక్కలవాణ్ణి కాబట్టి ఆ రాత్రి లెక్క తీశాను. నాలుగేళ్లలో ఏడు వేషాలు, మొత్తం 9,640 రూపాయలు. బిల్లులన్నీ మెయిల్లో ఉన్నాయి. ఆటలో నేను నొక్కిన బటన్ మీద ఉన్నది కొనండి అనే. అద్దెకు తీసుకోండి అని కాదు, వాడుకుని వెళ్లండి అని కాదు. ఆ రోజుదాకా చదవని ఒప్పందం అప్పుడు చదివాను. ముప్పై పేజీల పైన ఉంది. మీకిస్తున్నది వాడుకునే అనుమతి మాత్రమే, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, కారణం చెప్పాల్సిన పనిలేదు అని ఎక్కడో మధ్యలో ఉంది. బటన్ మీద ఒక మాట, ఒప్పందంలో ఇంకో మాట. మా అంగట్లో నేను పైన చీర అని రాసి, బిల్లు వెనక చిన్న అక్షరాల్లో కావాలంటే వెనక్కి లాక్కుంటాం అని రాస్తే, పెనుకొండవాళ్లు నన్ను కొడతారు. కొట్టాలి కూడా.

ఇంకో విచిత్రం మా వాడు చెప్పాడు. ఆ బొమ్మ నా ఫోనులోనే ఉంది. గీత, ముక్కలు, వల, అగ్గిపుల్ల చప్పుడు అన్నీ ఏనాడో డౌన్‌లోడ్ అయి నా ఫోనులోనే పడున్నాయి. అది నాదేనని చెప్పాల్సిన సర్వరు లేదు, అంతే. అంటే పెద్దాయన అడిగినదానికి ఆ రోజు మేం చెప్పిన జవాబు తప్పు. పెట్టె మా ఇంట్లోనే ఉంది. తాళంచెవి పట్టుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఫైళ్లను పగలగొట్టి బొమ్మలను బయటికి తీసే ఉపాయాలు తెలిసినవాళ్లు ఉన్నారట, కాపీరైటు ఒప్పుకోదని కూడా వాడే అన్నాడు. డబ్బిచ్చి కొన్నదాన్ని చూసుకోవడానికి నేను దొంగదారి పట్టాలా అండీ?

కంపెనీవాళ్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఆడేవాళ్లు తగ్గితే సర్వరు ఖర్చు గిట్టదు. అంగడి మూసే హక్కు ఎవరికైనా ఉంది. ధర్మవరంలో నా కళ్లముందే ఎన్ని అంగళ్లు మూతపడ్డాయో! వాళ్లమ్మిన చీరలు మాత్రం ఇళ్లల్లో బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. నేను అడిగేది ఆట బతికించమని కాదు. పోతూ పోతూ బొమ్మను వదిలి పొమ్మని.

అది కుదరని పని కాదు, చేసినవాళ్లున్నారు. కొరియాలో 2016లో వచ్చిన డెస్టినీ చైల్డ్ అనే ఆట దాదాపు ప్రతి పాత్రనూ లైవ్‌టూడీలో కదిలించి పేరు తెచ్చుకుంది. షిఫ్ట్ అప్ కంపెనీది, కిమ్ హ్యుంగ్-టే అనే ప్రసిద్ధ చిత్రకారుడు స్థాపించినది. 2023 సెప్టెంబరులో ఆ ఆట ఆపేశారు. ఆపుతూ, ఆడినవాళ్లు పోగుచేసుకున్న బొమ్మలను చూసుకోవడానికి మెమోరియల్ వెర్షన్ ఇచ్చి వెళ్లారు. యుద్ధాలు లేవు, పోటీలు లేవు, బొమ్మలున్నాయి. నింటెండో వాళ్లు యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్‌ను 2024 నవంబరు చివర ఆపేసి, వారం తిరక్కుండా నెట్‌తో పెద్దగా పనిలేని కొత్త యాప్ తెచ్చారు. ఒక్కసారి డబ్బు కట్టాలి, పాత సామాను అందులోకి తెచ్చుకునే వీలిచ్చారు. మళ్లీ డబ్బెందుకు అని నాలోని లెక్కలవాడు అడుగుతాడు గానీ, దారి అంటూ ఒకటి వేశారు. అదే నింటెండో 2022 నవంబరులో డ్రగాలియా లాస్ట్‌ను మూసినప్పుడు ఆ పాటి కూడా చేయలేదు. ఒకే కంపెనీ, రెండేళ్ల తేడా. కుదురుతుందా లేదా అన్నది సాంకేతిక సమస్య కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

చట్టాలు చేసేవాళ్లు కూడా కదిలారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి ఒక నియమం పెట్టింది. డిజిటల్ సరుకు మీద కొనండి అని రాయాలంటే, మీకు దక్కేది అనుమతి మాత్రమేనని అక్కడే స్పష్టంగా చెప్పాలి. ఫ్రాన్స్ కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లు ఆపేస్తే, డబ్బిచ్చి కొన్న ఆట ఎవరూ తెరవలేకపోయారు. దాని మీద మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అక్కడ కార్ల ఆట పోతే ఇంత జరిగింది. ఇక్కడ మేం గొంతెత్తకపోవడానికి కారణం సిగ్గు. ఫోనులో బొమ్మకు రెండు వేలు పెట్టానని పదిమందిలో చెప్పుకోవడానికి ఎవరికీ నోరు రాదు.

మన దేశంలో పరిస్థితి మీకు చెప్పేంతవాణ్ణి కాదు. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్ సహా 118 యాప్‌లను నిషేధించారు. అది దేశ భద్రత మాట, నేను తప్పుపట్టను. 2021 జులైలో బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతాలోని సామాను కొత్తదానిలోకి మార్చుకునే వీలిచ్చారు కాబట్టి పబ్జీలో వేషాలు కొన్న మా వీధి కుర్రాళ్లు బతికిపోయారు. ఆ వీలు కంపెనీ ఇష్టం కొద్దీ దొరికింది. ఇవ్వకపోయినా అడిగే నాథుడు లేడు.

మీ చేతిలో ఉన్న నియమాలు చాలు అనుకుంటాను. 2020 ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ సరుకులకూ వర్తిస్తాయని వాటిలోనే ఉంది. 2023 నవంబరులో మీరే డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చారు, 13 రకాల మాయలు పేరుపేరునా చెప్పారు. అందులో లేని తొందరను పుట్టించడం ఒకటి. ఈ ఆటల అంగడి తెరిచి చూడండి. ప్రతి వేషం పక్కనా గడియారం తిరుగుతుంటుంది. రెండు రోజుల పదమూడు గంటలే మిగిలాయి, ఇప్పుడు కొనకపోతే పోయినట్టే. లాంతరు పిల్లను అలాగే చివరి గంటలో కొన్నాను. ఎనిమిది నెలల తర్వాత అదే వేషం, అదే ధరకు, అదే గడియారంతో మళ్లీ వచ్చింది. మా వీధిలో ముప్పై ఏళ్లుగా అంగడి ఖాళీ చేస్తున్నాం అని బోర్డు పెట్టుకున్న బట్టల కొట్టు ఒకటుంది. దాన్ని చూసి జనం నవ్వుతారు, మోసపోరు. ఫోనులో గడియారం చూసి మాత్రం నేను మోసపోయాను.

వజ్రాల సంగతి ఇంకోటి. వేషం ధర 1,180 వజ్రాలు. అమ్మే పొట్లాలు 300, 980, 1,980. ఏ పొట్లం కొన్నా, ఏ రెండు కలిపినా సరిగ్గా సరిపోదు. మిగిలిన వజ్రాలు మళ్లీ మనల్ని అంగడికి లాగుతాయి. ధర రూపాయల్లో వేయమనండి. ఆటల్లో ధరలను అసలు డబ్బులో కూడా చూపించాలని యూరప్ వినియోగదారుల రక్షణ అధికార సంస్థలు 2025 మార్చిలో చెప్పాయి. మన దగ్గర అగ్గిపెట్టె మీద కూడా ఎంఆర్‌పీ ఉంటుంది. 1,180 వజ్రాలంటే ఎన్ని రూపాయలో లెక్కలు రాసే నాకే కాగితం కావాల్సి వచ్చింది.

నా విన్నపం పెద్దది కాదు. డబ్బు తీసుకునే తెర మీదే, ఒప్పందం మధ్యలో కాదు, ఇది సొంతమా అనుమతా అన్నది తెలుగులో, హిందీలో, కొనేవాడు చదివే భాషలో రాయించండి. అనుమతే అయితే కొనండి అన్న మాట తీయించండి. ఆట మూసే కంపెనీ, డబ్బు తీసుకుని అమ్మిన వేషాలను నెట్ లేకుండా చూసుకునే చిన్న యాప్ ఇవ్వాలి, లేదా ఆఖరి ఏడాదిలో అమ్మినవాటి సొమ్మైనా తిరిగివ్వాలి. ఇంకొక్క కోరిక, ఇది చట్టంలో పట్టదేమో. బొమ్మ గీసినవాళ్ల పేరు చాలా ఆటల్లో వేస్తారు. దాన్ని కోసి, కీళ్లు వేసి, అగ్గిపుల్ల గీయించినవాళ్ల పేరు వెతికినా దొరకదు. లాంతరు పిల్ల మెడ ఎవరు చేశారో నాకు తెలిసే దారి లేదిప్పుడు. నిమ్మలకుంట పెద్దాయన మెచ్చుకున్నాడని ఆ మనిషికి చెప్పాలని ఉంది.

మా మేనల్లుడు ఇప్పుడు బయటి దేశపు ఆట ఒకదానికి పని పట్టాడు. వారం నుంచి ఒక మెడ మీదే కూర్చున్నాడు. అది వచ్చే ఏడు ఎంతకు అమ్ముతారో వాడికి తెలియదు, ఎన్నాళ్లు ఉంటుందో కొనేవాళ్లకు తెలియదు. అమ్మేలోపు ఆ బటన్ మీద మాట మార్పించండి.

ఇట్లు,
ధర్మవరం నుంచి ఒక పట్టుచీరల అంగడి గుమాస్తా